అర మిల్లీమీటరు గీత

నేరం తానే చేశానని ఒప్పుకున్న మనిషి కోసం ఎవరూ డిటెక్టివ్‌ని పెట్టుకోరు. విద్య పెట్టుకుంది.

"మా నాన్న నేనే చేశానంటున్నారు ఆంటీ. ఆయన చేసుండరు," అంది, శాన్ రామన్‌లో మా ఇంటి గుమ్మం దాటకుండానే. "మూడింటికి స్టేట్‌మెంట్ సైన్ చేసేస్తారు. ఈలోపు మీరొక్కసారి రండి, ప్లీజ్."

అప్పటికి పన్నెండూ నలభై అయింది. స్టవ్ కట్టేసి, చెప్పులు వేసుకుని, ఆ అమ్మాయి కారెక్కాను.

నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. పేరు పద్మిని, వయసు యాభై తొమ్మిది. సన్నీవేల్‌లో ఒక కంపెనీ కొలతల ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ల్యాబ్ మూసేసిన రోజు స్నేహితులందరూ ఇక యోగా నేర్చుకోమన్నారు. నేను ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ తీసుకున్నాను. మా ఆయన దాన్ని ఇప్పటికీ హాబీ అనే అంటారు. నా మటుకు నాకు పనిలో పెద్ద మార్పేమీ కనిపించలేదు. అప్పుడు స్టీలు ముక్కల్ని కొలిచేదాన్ని, ఇప్పుడు మాటల్ని కొలుస్తున్నాను. స్టీలు అబద్ధమాడదు కాబట్టి పాత ఉద్యోగమే కాస్త సుఖం.

లివర్మోర్ చేరేదాకా విద్య డ్రైవ్ చేస్తూ జరిగింది చెప్పింది. వాళ్ళ నాన్న విశ్వనాథం, గౌరీశంకర్ గారి మెషిన్ షాపులో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇన్‌స్పెక్టర్. అక్కడ తయారైన ప్రతి ముక్కనీ కొలిచి, సరిగ్గా ఉందని ఆయన సంతకం పెడితేనే బయటికి వెళ్తుంది. ఈమధ్య వాళ్ళు చేస్తున్నవి సెంట్రిఫ్యూజ్ షాఫ్టులు. హాస్పిటల్ ల్యాబుల్లో రక్తం శాంపిళ్ళని గిర్రున తిప్పే మెషిన్ ఉంటుందే, దాని నడుమ నిలబడే ఇరుసు అన్నమాట. పదకొండు రోజుల క్రితం కస్టమర్ కంపెనీ టెస్ట్ రూములో అలాంటి షాఫ్టు ఒకటి బేరింగులో వదులై, దాని మీద తిరుగుతున్న రోటర్ చక్రం ఊడి, మెషిన్ మూత పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఎదురుగా నిలబడ్డ టెక్నీషియన్ పేరు ఎరిన్, ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఇంకా ఐసీయూలోనే ఉంది, తెలివి రాలేదు.

"డ్రాయింగ్ ప్రకారం షాఫ్టు మందం ఎంత ఉండాలి?" అడిగాను.

"0.4996 నుంచి 0.5000 అంగుళాల మధ్య. వదులైంది లాట్ 417లో ఇరవై మూడోది. ల్యాబ్‌లో కొలిస్తే 0.4992 వచ్చింది. నాన్న షీట్ మీద 0.5000 అని ఉంది."

తేడా అంగుళంలో పదివేలో వంతులు ఎనిమిది. తల వెంట్రుక మందంలో నాలుగో వంతు కూడా కాదు. దానికే ఒక పిల్ల ప్రాణం మీదకొచ్చింది. నా ఉద్యోగం అంతా ఈ వెంట్రుకల లెక్కలోనే గడిచింది కాబట్టి నాకు ఆశ్చర్యం వేయలేదు, భయం వేసింది.

విద్య హైవే దిగే మలుపు చూడకుండానే తీసుకుంది.

"మీ నాన్నని రోజూ నువ్వే దింపేదానివా?"

"మార్చి నుంచి. ఫ్రీవే మీద ఓపిక లేదన్నారు. యాక్సిడెంట్ అయినప్పట్నుంచి ఇంట్లోనే ఉంచారు కదా. ఇవాళ సైన్ చెయ్యడానికి రమ్మంటే పొద్దున్నే దింపాను."

ఒంటిగంటా పదికి షాపు ముందు దిగాం. లోపలికి అడుగు పెట్టగానే నాకు తెలిసిన గొంతు వినిపించింది.

"హాయ్ పద్మిని ఆంటీ! మీరు లేట్. కేస్ క్లోజ్డ్."

ఇన్సూరెన్స్ కంపెనీ ఇన్వెస్టిగేటర్ కౌస్తుభ్. పుట్టింది పెరిగింది ఇక్కడే, ముప్ఫై ఏళ్ళుంటాయి. తెలివైనవాడు, ఆ సంగతి వాడికి కాస్త ఎక్కువగానే తెలుసు. పోయినేడు ఒక దొంగతనం కేసులో వాడు ఒకర్ని పట్టుకుంటే నేను ఇంకొకర్ని పట్టుకున్నాను. నాది నిజమైంది. అప్పటినుంచి నన్ను చూస్తే వాడి నవ్వులో పళ్ళు ఎక్కువ కనిపిస్తాయి.

"క్లోజ్ అయిపోతే ఇంకా ఇక్కడేం చేస్తున్నావు బాబూ?"

"మూడింటికి సిగ్నేచర్. నేను ప్రెషర్ చేయలేదు, అంకుల్ తనే ఒప్పుకున్నాడు. పార్ట్స్ కొలవలేదు, నంబర్స్ రాసేశాడు." లాప్‌టాప్ నావైపు తిప్పాడు. "మీకు నంబర్స్ ఇష్టం కదా? చూడండి. ఫోర్టీ రీడింగ్స్. ప్రతీదీ 0.5000, లేకపోతే 0.4996. మధ్యలో సెవెన్, ఎయిట్, నైన్ ఒక్కటి కూడా లేదు. రియల్ డేటా ఇలా ఉండదు. ఇది ఇమాజినేషన్ లేని మనిషి చెప్పిన అబద్ధం."

రియల్ డేటా అలా ఉండదన్న మాట నిజమే. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళు నిజం రాసిన చేతికి, అబద్ధం రాయాల్సి వస్తే నిజంలా కనపడేది రాయడం వచ్చి ఉండాలి. 0.4998, 0.4997 అని చక్కగా కలిపి రాస్తాడు. ఇంత మొరటుగా రాయడు.

"అసలు కాగితం చూపించు."

"స్కాన్ ఉంది కదా?"

"స్కాన్‌ని వేలితో తడమలేను నాయనా."

వాడు కనుబొమలు ఎగరేసి, ఫైల్లోంచి తీసి ఇచ్చాడు. అంకెలు లావుపాటి నల్ల మార్కర్‌తో ఉన్నాయి. గడిలో ఇమడకుండా పక్క గడిలోకి పాకుతూ, వరుస చివరికొచ్చేసరికి పైకి ఎక్కిపోతున్నాయి. పదిహేడో వరుసలో ఒక కొట్టివేత ఉంది. ముందు 0.4803 అని రాసి, దాన్ని కొట్టేసి, పైన 0.5000 అని రాశారు.

"ఇదేమిటి?"

"మిస్టేక్ చేశాడు, ఫిక్స్ చేశాడు. సో?"

"ఊరికే కల్పించి రాసేవాడు తప్పు రాసి దిద్దుకోడు. దేన్ని చూసి దిద్దుకుంటాడు?"

కౌస్తుభ్ భుజాలు ఎగరేశాడు. నేను ఆ అంకెని నోట్ పుస్తకంలో రాసుకున్నాను. 0.4803. మందం కొలిచే అంగుళాల మైక్రోమీటర్ మీద చూపు జారితే సరిగ్గా ఒక చుట్టు తప్పు వస్తుంది, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై అయిదు. అప్పుడు 0.4750 అని పడాలి. ఇది అది కాదు. అంకెలు తారుమారైనా ఇలా రాదు. ఎటునుంచి చూసినా ఈ అంకెకి చుట్టాలెవరూ కనపడలేదు.

ఒకటీ ఇరవై అయిదుకి ఇన్‌స్పెక్షన్ గదిలోకి వెళ్ళాను. ఎప్పుడూ అరవై ఎనిమిది డిగ్రీల ఫారెన్‌హీట్ చల్లదనంలో ఉంచే చిన్న గది. కిటికీ లేదు. విశ్వనాథం గారు బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నారు. తలుపు చప్పుడుకి లేచి నిలబడ్డారు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. నా మొహం వైపు కాక నా చెవి పక్కకి చూస్తూ ఆగారు.

"పద్మినినండీ. విద్య తీసుకొచ్చింది."

"ఆఁ, గొంతు గుర్తుపట్టానమ్మా. గుడిలో కలిశాం. కూర్చోండి."

"417 లాట్ కొలిచిన శుక్రవారం, పని ఎన్నింటికి మొదలుపెట్టారు?"

"రెండూ నలభైకి. మూడూ ఇరవైకి అయిపోయింది."

"దేంతో?"

"ఎమ్-సెవెన్ మైక్రోమీటర్. షీట్ మీద ఉందిగా."

"ఒకసారి చూపిస్తారా?"

ఆయన చెయ్యి తడుముకోకుండా మూడో సొరుగులోకి వెళ్ళింది. పెట్టె తీసి నాకిచ్చారు. మైక్రోమీటర్లని ఏడాదికోసారి బయటి ల్యాబ్‌కి పంపి సరిచూపిస్తారు. వాళ్ళు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు మూతి మీద తేదీ వేసిన నీలం స్టిక్కర్ అంటిస్తారు. పెట్టె ఆ కవర్లోనే ఉంది. మార్చి నాలుగు. స్టిక్కర్ చిరగలేదు. వచ్చిన రోజునుంచి ఈ పరికరాన్ని ఎవరూ ముట్టుకోలేదు. తేదీ సరిగ్గా ఉందని కౌస్తుభ్ ఫోటో తీసుకుని ఉంటాడు. స్టిక్కర్ చిరగాల్సింది కదా అని వాడికి తట్టలేదు.

నేను పెట్టె కిందపెట్టి, నా బ్యాగులోంచి నా సొంత మైక్రోమీటర్ తీశాను. కస్టమర్ తిప్పి పంపినవి పెట్టిన రిజెక్ట్ ట్రేలోంచి 417 లాట్ షాఫ్టు ఒకటి అందించాను.

"ఒక్కటి కొలిచి చూపించండి."

ఆయన షాఫ్టుని చొక్కా అంచుతో కాదు, జేబులోంచి తీసిన తెల్లబట్టతో తుడిచారు. మైక్రోమీటర్ని అరచేతిలో ఇముడ్చుకుని, బొటనవేలూ చూపుడువేలూ మాత్రం కదిలిస్తూ మూశారు. లోహం లోహాన్ని తాకిన చోట ఆగి, ఒక్క వెంట్రుకవాసి ఊపి, మళ్ళీ తాకించారు. అంత చక్కటి పట్టు నేను నా సర్వీసులో ముగ్గురి దగ్గరే చూశాను. ముచ్చటేసింది.

"చదవండమ్మా," అని నాకే తిరిగిచ్చారు. "మీ పరికరం కదా."

మర్యాద అనుకుని చదివాను. 0.4992.

"కొలవకుండా అంకెలు రాశారట, నిజమేనా?"

"నిజమే."

"ఇందాక రెండూ నలభైకి మొదలుపెట్టి కొలిచానన్నారు. ఇప్పుడు కొలవలేదంటున్నారు. ఏది అబద్ధం?"

"రెండూ రాసుకోండి."

"ఎందుకు కొలవలేదు?"

"బద్ధకం. ముసలితనం."

"బద్ధకం ఉన్న చేతులు కావండీ ఇవి."

ఆయన చేతుల్ని బల్ల కిందికి తీసుకున్నారు. "రోజూ హాస్పిటల్‌కి ఫోన్ చేసి అడుగుతున్నానమ్మా. ఇంకా తెలివి రాలేదంటున్నారు. సంతకం నాది, తప్పు నాది. మూడింటికి అయిపోతుంది. విద్యని సముదాయించి ఇంటికి తీసుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది."

తప్పించుకోవడానికి అబద్ధాలాడేవాళ్ళని చాలామందిని చూశాను. ఇరుక్కోవడానికి ఇంత పట్టుదలగా ఆడే మనిషిని చూడటం ఇదే మొదలు. ఇరుక్కోవడం కంటే ఆయనకి భయమైనది ఇంకేదో ఉంది. అదేమిటో తెలియకుండా ఈ గదిలో ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు.

రెండు గంటలకి గౌరీశంకర్ గారి గదిలో ఉన్నాను. షాపు యజమాని, డెబ్భై రెండేళ్ళు. భారీ మనిషి, పదకొండు రోజుల్లో చొక్కా వదులైపోయింది. బల్ల మీద కాగితాల పక్కన పాత చెక్కపెట్టె ఒకటుంది.

"ఆ శుక్రవారం రెండూ నలభై నుంచి మూడూ ఇరవై దాకా మీరెక్కడున్నారండీ?"

"ఇక్కడే. ఫోన్‌లో ఉన్నాను."

"ఎవరితో?"

"కస్టమర్‌తో."

"కౌస్తుభ్ మీ కాల్ రికార్డులు తీశాడు. అడిగి చూడమంటారా?" తీశాడో లేదో నాకు తెలియదు.

ఆయన చూపు బల్ల పక్కకి జారింది. నేను చెక్కపెట్టె దగ్గరికి లాక్కున్నాను.

"అది... హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నది. సెవెంటీ నైన్‌లో. షో కోసం పెట్టుకున్నా, వాడి ఏళ్ళయింది."

పెట్టె మూలల్లో దుమ్ముంది. లోపలి మైక్రోమీటర్ మీద లేదు. కొలిచే రెండు మొహాలూ తళతళలాడుతున్నాయి. దగ్గరగా పెట్టుకుంటే మెషిన్లలో పోసే కూలెంట్ వాసన వచ్చింది. షోకి పెట్టిన వస్తువుకి పని వాసన రాదు. ఇది మిల్లీమీటర్ల మైక్రోమీటర్. మన ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో ఉండే స్క్రూగేజికి అన్నయ్య. నిలకడగా ఉండే గొట్టం మీద అడ్డంగా ఒక గీత, దాని పైన మిల్లీమీటర్ల గీతలు, కింద అర మిల్లీమీటర్ల గీతలు. కింది గీత కనపడితే సగం కలపాలి. చూసుకోకపోతే అర మిల్లీమీటరు గల్లంతవుతుంది. రికార్డు పుస్తకంలో ఆ తప్పు చేసి తిట్లు తినని పిల్లలు మన దేశంలో అరుదు.

అక్కడ ఆగాను.

అర అంగుళం అంటే 12.70 మిల్లీమీటర్లు. కింది గీత చూడకపోతే 12.20 అని చదువుతారు. ఫోన్ తీసి 12.20ని 25.4తో భాగించాను.

0.4803.

ఇంకో రెండు లెక్కలు చేశాను. 12.70 అయితే 0.5000. 12.69 అయితే 0.4996. ఈ పరికరం మిల్లీమీటరులో నూరో వంతు కంటే సన్నంగా చెప్పలేదు, కాబట్టి మధ్యలో ఏడూ ఎనిమిదీ తొమ్మిదీ రావు. ఆ నలభై అంకెలూ ఎవరో నిజంగా చూసి, నిజాయితీగా చదివి, ఫోన్‌లో భాగించుకున్నవి. షీట్‌లో కల్పన అనేదే లేదు.

అయితే కొలత ఎందుకు తప్పింది? ఇంటర్‌లో మొదటి రోజు నేర్పిన పని చేశాను. రెండు మొహాలూ నెమ్మదిగా మూసి సున్నా చూశాను. తిరిగే గొట్టం మీది సున్నా గీత అడ్డగీతకి ఎదురుగా నిలవాలి. నిలవలేదు. రెండో గీత నిలిచింది. ఈ పరికరం ప్రతిదాన్నీ మిల్లీమీటరులో రెండు నూరో వంతులు ఎక్కువ చూపిస్తోంది. అంగుళాల్లో చెప్పాలంటే సరిగ్గా పదివేలో వంతులు ఎనిమిది.

"ఇది కింద పడిందా?"

"ఫిబ్రవరిలో, షెల్ఫ్ సర్దుతుంటే. ఏం కాలేదు. పాత సరుకు, గట్టిది."

"417లో మొదటి పీసు కొలిచాక మెషిన్ వాళ్ళకి ఏం చెప్పారు?"

"ఎక్కువుంది, కాస్త తగ్గించమన్నా..." ఆగిపోయారు.

సరిగ్గా ఉన్న షాఫ్టుల్ని తప్పు పరికరం చూసి సన్నం చేయించారు.

"అంకెలు చదివింది మీరు. సంతకం ఆయనది. ఎందుకలా?"

"బాలానగర్ టూల్‌రూమ్‌లో విశ్వందీ నాదీ ఒకే బెంచి," అన్నారు. "అక్కడ రూలు అదే. ఒకడు పట్టాలి, ఇంకొకడు చదివి పైకి చెప్పాలి, పట్టినవాడు రాయాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకడి తప్పు ఇంకొకడు పట్టుకుంటాడని. ఇక్కడి షీట్‌లో సంతకానికి ఒకటే గడి. అంగుళాల గీతలు నాకెప్పుడూ సరిపడలేదు. అందుకని నాది తీసుకెళ్ళా."

"ఎలా చదివారని కాదండీ నేనడిగేది. ముప్ఫై ఏళ్ళుగా ఒంటరిగా చదివిన మనిషికి ఇప్పుడు చదివిపెట్టే మనిషి ఎందుకు కావాల్సొచ్చింది?"

"వాడికి మాటిచ్చాను పద్మినిగారూ. ఇంక నన్నడక్కండి."

వసారాలో కౌస్తుభ్ ఎదురయ్యాడు. రెండూ ఇరవై అయిదు.

"ఎమ్-సెవెన్ కవరు చూశావా? స్టిక్కర్ చిరగలేదు," అన్నాను.

"గుడ్! అంటే కొలవలేదనే కదా. థాంక్యూ ఆంటీ, నా రిపోర్ట్‌లో పెడతాను."

"పన్నెండు పాయింట్ రెండుని ఇరవై అయిదు పాయింట్ నాలుగుతో భాగించు."

"వై?"

"పెద్దదాన్ని అడుగుతున్నాను, భాగించు."

వాడు ఫోన్‌లో నొక్కాడు. తెర చూశాడు. ఫైలు తెరిచి పదిహేడో వరుస చూశాడు. నవ్వు పోయింది.

"ఓకే. మెట్రిక్ టూల్. ఎవరో కొలిచారు. బట్ అంకుల్ ఒప్పుకున్నాడు! చెయ్యని పని చేశానని ఎందుకు చెప్తాడు? మీరు వాళ్ళ ఫ్రెండ్, సో మీకు అలా కనిపిస్తోంది. నాకు కన్ఫెషన్ ఉంది, క్లయింట్ ఉన్నాడు, మూడింటికి డెడ్‌లైన్ ఉంది. మీ దగ్గర ఒక డివిజన్ ఉంది."

"పదిహేను నిమిషాలు ఇవ్వు."

"టెన్."

కోపంలోనూ ఇచ్చాడు. అంత చెడ్డవాడేమీ కాదు.

గది తలుపు ముందు ఒక్క క్షణం ఆగాను. ఫ్రీవే మీద ఓపిక లేదన్న మనిషి. బాల్‌పెన్ను మానేసి మార్కర్ పట్టిన మనిషి. గడి దాటిపోయే అంకెలు. నా చెవి పక్కకి చూసిన చూపు. మీరే చదవండమ్మా అన్న మర్యాద. అన్నీ మార్చి దగ్గరే మొదలవుతున్నాయి. నాకు తెలిసిపోయింది, తెలిసినందుకు సంతోషం మాత్రం వేయలేదు.

లోపలికి వెళ్ళి, నా మైక్రోమీటర్ని ఒక చుట్టు తక్కువకి తిప్పి బిగించాను. 0.4750. తలుపు దగ్గరగా వేసి ఆయన చేతిలో పెట్టాను.

"ఎంతుందో చెప్పండి."

ఆయన దాన్ని లైటు కిందకి వంచారు. అలవాటైన వంపే.

"పాయింట్ ఫైవ్ ట్రిపుల్ జీరో."

నేను మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలోనే ఆయనకి అర్థమైంది. మైక్రోమీటర్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టారు.

"ఒక చుట్టు తక్కువ పెట్టానండీ."

"మధ్యలో మచ్చ పడిందమ్మా, రెండు కళ్ళకీ. చుట్టూ అంతా కనిపిస్తుంది. నడుస్తాను, తింటాను. ఏది చూద్దామనుకుంటే అది ఒక్కటే కనపడదు."

"విద్యకి?"

"తెలీదు. చెప్పకండి." తెల్లబట్టని వేళ్ళకి చుట్టుకున్నారు. "అబద్ధం రాశాడంటే ఒక్క లాట్‌తో పోతుంది. చూపు లేని ఇన్‌స్పెక్టర్ అని తెలిస్తే ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను పెట్టిన ప్రతి సంతకాన్నీ అనుమానిస్తారు. నాకు మిగిలింది ఆ సంతకాలేనమ్మా. శంకరం చదివిపెట్టాడు, నేను పట్టాను. ఎక్కడో మెషిన్‌లో తేడా వచ్చి ఆ ఒక్క లాట్ చెడింది. వాడిని ఇందులోకి లాగొద్దు."

జాలేసింది. దాని వెనకే పట్టలేనంత కోపం వచ్చింది.

"చెడింది మెషిన్ కాదండీ. శంకరంగారి మైక్రోమీటర్. ఫిబ్రవరిలో కింద పడింది. సున్నా దగ్గర రెండు గీతలు తప్పు చూపిస్తోంది."

"వాడు జీరో చూసుకోలేదా?" నమ్మలేనట్టు అడిగారు.

"మీరడిగారా?"

చూపులేని ఆ కళ్ళు నావైపు తిరిగాయి. పట్టేవాడు చదివేవాడిని అడగాలి, అది వాళ్ళ టూల్‌రూమ్ రూలే. స్నేహితుణ్ణి అలా అడగడం బాగుండదని ఈయన అడగలేదు. ప్రతిసారీ సున్నా చదివి చెప్తే చూపు పోయిన సంగతి గుర్తుచేసినట్టవుతుందని శంకరంగారు చూసుకోలేదు. ఒకరి మర్యాద ఇంకొకరు కాపాడుకున్నారు.

"మార్చి నుంచి ఇలా ఎన్ని లాట్లు?"

"ఆరు." పెదాలు మాత్రం కదిలాయి. "ఆరు నలభైలు."

"మీరు 417 మీద ఒక్కదాని మీద సంతకం పెట్టి వెళ్ళిపోతే మిగతా అయిదింటినీ ఎవరూ వెతకరు. తప్పు మనిషిది, మనిషి దొరికాడు అనుకుంటారు. అవి ఎక్కడున్నాయిప్పుడు?"

"హాస్పిటళ్ళలో," అన్నారు. "తిరుగుతున్నాయి."

ఇంక చెప్పాల్సిన మాట నాది కాదు. ఆయన తెల్లబట్ట మడిచి జేబులో పెట్టుకున్నారు. లేచి, బల్ల అంచు పట్టుకుని, తలుపు తీసి, నాకంటే ముందు నడిచారు.

మీటింగ్ రూములో కౌస్తుభ్, విద్య, గౌరీశంకర్ గారు కూర్చుని ఉన్నారు. రెండూ నలభై నాలుగు. స్టేట్‌మెంట్ బల్ల మీద పెన్నుతో సహా సిద్ధంగా ఉంది.

"ఆ కాగితం పక్కన పెట్టు బాబూ, కొత్తది రాసుకో," అన్నారు విశ్వనాథం గారు నిలబడే. "మార్చి నుంచి నేను ఒక్క గీత కూడా చదవలేదు. నాకు కనపడదు."

విద్య కుర్చీ వెనక్కి పడింది. "నాన్నా?"

"ఒరేయ్ విశ్వం, వద్దురా," అన్నారు గౌరీశంకర్.

"నువ్వూరుకో శంకరం. నీ మైక్రోమీటర్ రెండు గీతలు తప్పట. మనం మంచివన్నవి మొత్తం ఆరు లాట్లు. రెండొందల నలభై." కౌస్తుభ్ వైపు, కొంచెం పక్కగా, తిరిగారు. "ముందు అవి ఆపించండి. నా పేరు ఏమని రాసుకుంటారో తర్వాత తీరిగ్గా రాసుకోండి."

గౌరీశంకర్ గారు రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. విద్య తండ్రి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్లకి ఏడుపు ఆగట్లేదు. కౌస్తుభ్ స్టేట్‌మెంట్‌ని రెండుగా చింపి, లాప్‌టాప్ తెరిచాడు.

"లాట్ నంబర్స్ చెప్పండి అంకుల్. ఆల్ సిక్స్."

ఆయన తడుముకోకుండా చెప్పసాగారు. వింటూ ఉంటే నాకు ఒక సంగతి తట్టింది. ఇంతసేపు తట్టనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"గౌరీశంకర్ గారూ. విశ్వనాథం గారు పదకొండు రోజులుగా ఇంట్లో ఉన్నారు. ఈ పదకొండు రోజులూ ఇక్కడ కొలుస్తున్నది ఎవరు?"

చేతులు మొహం మీదనుంచి దిగాయి.

"నేనే."

"దేంతో?"

ఆయన తన గది వైపు, ఆ చెక్కపెట్టె ఉన్నవైపు, చూశారు.

"బయటికి ఏం వెళ్ళాయి?"

"417 బదులు కొత్త షాఫ్టులు. నాలుగు. నిన్న సాయంత్రం నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. తప్పు ఇన్‌స్పెక్టర్‌దని తేలింది కదా, వీటి మీద అనుమానం లేదన్నారు కస్టమర్ వాళ్ళు. వెంటనే బిగించేస్తామన్నారు."

"వాటితో రీ-టెస్ట్ ఎప్పుడు?"

చెప్పింది కౌస్తుభ్. "టుడే. త్రీ ఓ క్లాక్. అందుకే సిగ్నేచర్ కూడా త్రీకి పెట్టాం. సేమ్ రూమ్."

రెండూ యాభై రెండు. వాడు అప్పటికే టెస్ట్ రూము నంబరు నొక్కుతున్నాడు. స్పీకర్ మీద పెట్టి ఫోన్ని బల్ల మధ్యలో ఉంచాడు. మోగింది. మోగుతూనే ఉంది.

"రన్‌కి ముందు ఫోన్లు బయట పెట్టేస్తారు," అన్నాడు. "లోపల ఉన్నది ఈ గోడ ఫోన్ ఒక్కటే."

"మూడుదాకా ఆగరు," అన్నారు గౌరీశంకర్. "వార్మప్ అని పది నిమిషాల ముందే తిప్పుతారు."

తొమ్మిదోసారి మోగుతుండగా అవతల ఎవరో ఫోనెత్తారు. "హలో?" అంది ఒక అమ్మాయి గొంతు, మా మాట వినపడక గట్టిగా, మళ్ళీ "హలో?" అని. ఆ గొంతు వెనకాల మోటారు కూత సన్నగా మొదలై అంతకంతకూ పెరుగుతోంది.